ఎనిమిదో గడి

పెర్నిక్‌లో మంచు. వంటగది బల్ల మీద లాప్‌టాప్,
పక్కన చల్లారిన చిక్కుడుగింజల పులుసు.
లిఫ్టులు బాగుచేసే వెల్కో తంబురా మీటాడు
(మన తంబురా కాదు, వాళ్ళది, చిన్నది, కోపిష్టిది):
తక తక తకిట.

సాఫ్ట్‌వేర్‌కి నాలుగో ఎనిమిదో తప్ప తెలీదు.
ఏడయ్యాక ఒక గడి ఖాళీగా ఉంచింది,
రాని చుట్టానికి వేసిన విస్తరిలా.
గ్రిడ్‌కి అతికిస్తే
పాట ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బిగుసుకుంది.

పైఅంతస్తులో త్స్వెతానా
మందుబిళ్ళ కోసం లేచింది.
తుంటి విరిగినప్పటి నుంచీ అదే నడక:
కర్ర, కాలు, ఈడ్చే కాలు.

వెల్కో తలెత్తాడు.
ఎనిమిది చెరిపి ఏడు కొట్టాడు.
అతుకులు ఊడదీశాడు. మళ్ళీ రికార్డ్.

ఈ వేళప్పుడు ఏమిటా గోలని
ఆవిడ కర్రతో నేలని ఒక్కటిచ్చింది,
సరిగ్గా సమం మీద.

దాన్నలాగే ఉంచాడు.