తప్పుపడ్డ పాసులు

మా దుకాణంల లామినేషన్ మిషన్ వేడెక్కనీకె
ఏడు నిమిషాలు పడ్తది.
"నా సినిమా అంతకంటె చిన్నదక్కా" అన్నడు పిలగాడు,
కౌంటర్ మీద మోచేతులు పెట్టి.

పాలమూరు పొట్టి సినిమాల పండుగ.
రెండు దినాలు, టౌన్‌హాల్ల. టిక్కెట్టు యాభై.
పాసులు మూడు రంగులు:
ఎర్రది అతిథులకు,
నీలిది తీసినోళ్ళకు,
ఆకుపచ్చది పేపరోళ్ళకు, విమర్శకులకు.
హైదరాబాదుల అచ్చుకొట్టిచ్చి తెచ్చిన్రు,
రెండువందల నలభై.
ఒక్కొక్కటి కత్తిరించి, మూలలు గుండ్రంగ జేసి,
బొక్క కొట్టి తాడెక్కించిన.
ఇప్పుడే బయటికొచ్చిన పాసుకు వేలు ఆనిస్తే సుర్రుమంటది.
నాకొకటి ఇస్తరా అని అడగలె.
బిల్లు అడిగిన.
సగమే ఇచ్చిన్రు.

పిలగాడు శరణప్ప, మక్తల్ దిక్కు.
సినిమాకు రెండు పాసులే, అది రూలంట.
ఒకటి తనకు. ఇంకోటి ఎవరికి?
అండ్ల యాక్టింగ్ చేసినోళ్ళు పదకొండు మంది,
పొద్దుగాల క్లాక్ టవర్ కాడ అడ్డమీద నిలబడేటోళ్ళు.
షూటింగు నాడు ఒక దినం కూలి ఇచ్చిండంట,
చాయ అదనం.
"ఒకరికి పాసు. మిగిలినోళ్ళు పది మంది, ఐదు వందలు"
అని వేళ్ళమీద లెక్కవెట్టి
ఆ వేళ్ళనే సూసుకుంట ఊకున్నడు.

నా టేబుల్ కింద ఒక అట్టడబ్బ ఉంటది.
తప్పుపడ్డయి అండ్ల ఏస్త.
డాక్టర్ అనేది డ్రైవర్ అయ్యిందొకటి.
ఒకాయనకు ఇంటిపేరు రెండుసార్లు వచ్చింది.
"ప్రత్యేక అతిథి" కాడ "ప్రత్యేక తిథి" అని పడ్డయి ఐదు,
ఎవరి తిథో.
కాల్చేయుమన్నరు కమిటీ వాళ్ళు.
ప్లాస్టిక్ కమురు నాకు పడదు, కాల్చలె.

"గేటు కాడ చదువుతరా?" అని అడిగిన.
"రంగు సూస్తరక్కా" అన్నడు.
మిషన్ మీద లైటు వెలిగింది.

పది పాసులు. ఒక తాడు తక్కువ పడితే
మా పెద్దపిల్ల బడికార్డు తాడు ఊడదీసి కట్టిన.
దాని పొడుగున బడి పేరుంటది.
ఉండనీ.

పండుగ నాడు నేను పోలె.
కొత్త రేషన్ కార్డుల దరఖాస్తులు నడుస్తున్నయి,
దుకాణం ముంగల ఒకటే లైను.
శరణప్ప గూడ మల్ల రాలె,
ప్రైజు వచ్చిందో లేదో నాకు ఎరుకలేదు.

సోమారం మొగులమ్మ వచ్చింది.
ఆధారు, కరెంటు బిల్లు, బ్యాంకు బుక్కు,
అన్నిటి అడుగున ఆకుపచ్చ పాసు.
"ఇది గూడ తియ్యి. ముందలెనక."
"ఇది దరఖాస్తుకు పనికిరాదు పెద్దమ్మ."
"ఎందుకు రాదు?
మండలాఫీసుల ఆధారు సూపిస్తె గేటు కాడనే ఆపిన్రు.
దీన్ని సూసి నమస్తే అని లోపట కూసోవెట్టిన్రు."

"ఏం రాసున్నదే దీనిమీద?"
"విమర్శకుడు అని. అచ్చుల శ అటిటైంది."
"అంటే?"
"సినిమా సూసి బాగున్నదో లేదో చెప్పేటోళ్ళు."

జెరసేపు కాయితాలు సదురుకుంట నిలబడ్డది.

"అయితె చెప్పాలె గద.
స్లాబు కాడ నాతోని ఉత్త తట్ట మోపిచ్చిండు పిలగాడు.
నడుము నొస్తదని. మంచోడే.
గని తెర మీద నేను గంత పెద్దగ కనవడంగనే తెలిసిపాయె:
మాలు ఉంటె మెడ అట్ల ఆడదు.
అటు సూస్తున్న, ఇటు సూస్తున్న, నవ్వుతున్న గూడ.
నా పక్కపొంటి కూసున్న సారు చప్పట్లు గొట్టిండు,
ఆయనకేం ఎరుక.
మల్ల తియ్యమని చెప్పు.
ఈసారి నిండ పొయ్యమను."

చెప్తనన్న.
పాసు అద్దం మీద బోర్లేసి మూత పెట్టిన.
వెలుగు ఆ చివర నుంచి ఈ చివరికి నడిచింది.

కాయితం చేతికిస్తే తిప్పి తిప్పి సూసింది.
"రంగేది?"

నా కాడ రంగు మిషన్ లేదు.