తరుగు

పోయిన మిర్చి సీజన్ల
ఎనుమాముల యార్డుల, కాంటా ముంగట
తుమ్ముల మీద తుమ్ములు తుమ్మి
ఎడమ చెవుల ఏదో పుటుక్కుమన్నది.
పొర చిరిగిందన్నడు డాక్టరు,
బస్తా చిరిగిందన్నంత అల్కగ.

గప్పటిసంది నాకు ప్రతి పాటల తరుగే.

ఆటోల ఇంటే నిండుగనే ఉంటది.
ఇయర్‌ఫోన్ పెడితెనే మోసం.
పోరగాండ్లంత ఎగురుతున్న ఆ కొత్త పాట
నా కుడిచెవుల డప్పొక్కటే దింపి పోయింది.
పాడిన పిల్ల ఎడమదిక్కు నిలబడ్డదట.
బతుకమ్మ డీజేల చప్పట్లు వొచ్చినయి,
ఆడోళ్లు రాలే.
అయినా ఇన్న. వానకాలమంత ఇన్న,
కాజీపేట బ్రిడ్జి మీద ట్రాఫిక్‌ల ఇరికి
ఖాళీ జాగల నా మాటలు నేనే జొప్పిచ్చుకుంట.

ఒకనాడు హమాలి యాకయ్య
బీడీల డబ్బాల నుంచి మెమొరీ కార్డు తీసిచ్చిండు.
"ఇది ఇను. కాంభోజి."
రాగాల పిచ్చి ఆయనకెట్లంటిందో
అడిగితె నవ్వుతడు, చెప్పడు.
ఎవరో ముసలామె. పాత రికార్డు.
గీతలు పడ్డ పళ్లెం మీద ముల్లు గరగర,
నడుమ ఒక దగ్గు,
దగ్గు ఎనుక మల్ల అందుకున్న పైస్థాయి.
మొత్తం ఒక్క చెవులనే దిగింది!
గొంతు, ఫిడేలు, మృదంగం, దగ్గు.
రెండు దిక్కులు పంచుడు తెల్వని కాలంల పాడిందట.
గింజ తరుగు లేదు.
తూకం చీటీలు రాసుకుంట ఇన్న,
చలికి నిద్రపట్టక తెల్లారగట్ల నాలుగింటికి ఇన్న.
మా ఇంట్లోళ్లకు ఆ దగ్గు కూడ నోటికొచ్చింది.

మొన్న మేడారం పోయొచ్చినంక
అక్క బిడ్డ వర్షిణి ఫోన్ గుంజుకొని
"మామా, మోనో అని ఒక బటన్ ఉంటది, గంతే"
అని నొక్కింది.
గంతే.
కొత్త పాటల పిల్ల వొచ్చి నిలబడ్డది.
ఆమె ఎనుక సన్నగ పిల్లనగ్రోవి,
అదొకటున్నదనే తెల్వదు నాకు.
బతుకమ్మ ఆడోళ్లంత ఒక్కపారి మర్లొచ్చిండ్రు.
సంబురమే, కాదన.
కాని ఆ పిల్ల పాడేటియి నా మాటలు కావు.
నాలుగు నెలలు నేను పాడుకున్నది
ఇంతకంటె బాగుండె అనను.
నాదుండె.

యాకయ్యకు చెప్తె బస్తా దించి,
రుమాలు తోని మెడ తుడుసుకొని
"మరి ముసలామె?" అన్నడు.

ముసలామె అట్లనే ఉన్నది, కాకా.
బటన్ నొక్కినా,
నొక్కకున్నా.