ప్రింటర్ లోపలుంది

బల్లరాట్ లైబ్రరీ గుమ్మం దగ్గర
నవంబరు చలిగాలిలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, నేను,
మెడలో బిళ్ళ.
గంటకింతని జీతం. ఒకటే పని:
ఫోన్లో ఆకుపచ్చ టిక్కు కనబడితే
తలుపు తీయడం.

మనుషుల్ని చూడక్కర్లేదు.
మొదటిరోజే చెప్పారు,
తెర మీద గీతలు కదులుతున్నాయా లేదా, అంతే.
మూడు వారాల్లో నాకు
బొటనవేళ్ళు గుర్తుండిపోయాయి.
గ్రీజు దిగని గోరు, గోరింటాకు గోరు,
పగిలిన అద్దం మీద భయంభయంగా జారే గోరు.
మొహాలు ఒక్కటీ గుర్తులేవు.

మంగళవారం పదింటికి
మెర్విన్ టాలిడే వచ్చాడు.
రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఎనిమిదేళ్ళు
బోల్టులు బిగించిన చేతులు.
కోటు జేబులోంచి పొగాకు డబ్బా తీశాడు,
డబ్బాలోంచి చేతిరుమాలు,
రుమాలులోంచి మడత ఫోను.
మూత తెరిస్తే అంకెలు, మూస్తే టప్‌మని చప్పుడు.
"ఇందులో నీకేం చూపించమంటావు?" అన్నాడు.

రెండు సూదులూ వేయించుకున్నాడు.
తారీఖులు ఉన్నాయి,
టమాటా విత్తనాల కవరు వెనక, పెన్సిల్‌తో.

"ఇది చెల్లదండీ. ప్రింటు కావాలి."
"ఎక్కడ తీస్తారు?"
వెనక్కి వేలు చూపించబోయి
ఆగిపోయాను.
ప్రింటర్ లోపలుంది.
పేజీ ఇరవై సెంట్లు.

మా వైపు దీనికో సామెత ఉంది:
పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు,
పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు.
నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను.
ఆయన చాలాసేపు ఆలోచించి
"ఇంతకీ పిచ్చి ఎవరికి?" అన్నాడు.

వెనక వరస పెరుగుతోంది.
చంటిపిల్ల బండితో ఒకామె,
హారతి పళ్ళెంలా ఫోను పైకెత్తి పట్టుకున్న కుర్రాడు,
వాడి వెనక ఇంకా ఎవరెవరో.
తలుపు మీద ఆరు భాషల్లో
'అందరికీ స్వాగతం' అని రాసుంది.
ఫోను లేనివాళ్ళు రావద్దని
ఏ భాషలోనూ రాయలేదు.
రాసుంటే కనీసం పోట్లాడొచ్చు.

మొన్న మెల్టన్ స్టేషన్ దాటాక
నా బ్యాటరీ చచ్చిపోయింది.
కాఫీ కొట్టు బయట పదకొండు నిమిషాలు
నేనూ టీకా పడని మనిషినే.
ఒంట్లో మందు అలాగే ఉంది. సాక్ష్యం లేదు.

బిళ్ళ తీసి మెర్విన్ మెడలో వేశాను.
"కాసేపు ఇక్కడ కూర్చోండి. మీ కార్డు నంబరు చెప్పండి."
తడుముకోకుండా చెప్పాడు,
ఇంజన్ నంబరు చెప్పినట్టు.

హెల్ప్‌లైన్‌లో పద్నాలుగు నిమిషాలు
ఒకటే పియానో ముక్క.
ఆ తర్వాత కాగితం ఇరుక్కుంది,
సగం పేరు మాత్రమే అచ్చయింది.
ఇంకో ఇరవై సెంట్లు.

తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు ఎవరూ లేరు.
"ఫోన్లు చూశారా?"
"చూశాను. నాకేమీ అర్థం కాలేదు.
అందుకని పేర్లడిగాను."

పాప పేరు ఐమొజెన్, కింద పన్ను వస్తోందట.
పెద్ద టోపీ ఆయనకి
బాయిలర్లంటే తెలుసట, భలే మనిషట.
"ఫోను ఎత్తినవాడున్నాడే,
అది వాళ్ళ అన్నదట. టిక్కు కూడా.
నేనేం అడగలేదు, వాడే చెప్పేసి
వెనక్కి తిరిగాడు.
సూదంటే భయమట పాపం.
గురువారం తోడొస్తానన్నాను."

మూడు వారాలుగా వాడి బొటనవేలికి
తలుపు తీస్తున్నాను నేను.

కాగితం నాలుగు మడతలు పెట్టి
విత్తనాల కవరు పక్కన, డబ్బాలో దాచుకున్నాడు.
పెద్దక్షరాల పుస్తకాలు ఏ వైపని అడిగాడు.
బిళ్ళ నా చేతికిచ్చాడు, ఇంకా వెచ్చగా ఉంది.
రెండు నాణేలు ఇవ్వబోతే వద్దన్నాను.
కుర్చీలో పెట్టి లోపలికి వెళ్ళాడు.

మధ్యాహ్నం దాకా
నేను నిలబడే ఉన్నాను.