ఎనిమిది వందల అడుగులు

తాయిఫ్ నుంచి నాలుగింటికే లేసి
డొక్కు పికప్పుల బయలెల్లినం.
యాకూబు, నేను ముందట;
నింబయ్య వెనుక, నీళ్ల డబ్బాల మీద.
జుమ్మా. సెలవు.
నల్లరాళ్లు మొదలైనంక ఎవ్వలం మాట్లాడలేదు.
చేను తగలబడ్డంక మిగిలిన మోళ్ల లెక్క
చూపు ఆనినంత దూరం అవే.

ఏదిరా గుంత, అని అడగబోతుంటే
భూమి అయిపోయింది.
వాహబా.

అంచున నిలబడి నేను మొదలు చేసింది
లెక్క. పాత అలవాటు.
లోతు ఎనిమిది వందల అడుగులంట.
మా దిక్కు రిగ్గు బండోడు
మొదటి మూడు వందలకు ఒక రేటు,
ఆ తర్వాత నూరు నూరుకూ పెంచుతడు,
కేసింగ్ పైపు వేరే.
ఇంత వెడల్పుకు ఎంతయితదో
నింబయ్య వేళ్ల మీద మొదలువెట్టి
నవ్వి, విడిచిపెట్టిండు.

నాయి ఐదు బోర్లు.
ఐదుసార్లూ అరచేతిల కొబ్బరికాయ లేచి నిలబడ్డది.
ఐదుసార్లూ తెల్లదుమ్మే.
ఆ దుమ్ము మీదనే వీసా కొట్టిచ్చుకున్న.

యాకూబు ఒకప్పుడు సూడాన్ల బడిపంతులు,
ఇప్పుడు ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతడు.
సగం అరబ్బీ, సగం హిందీల చెప్పిండు:
కిందికెల్లి నిప్పు వచ్చుకుంట వచ్చుకుంట
నీళ్లకు తగిలింది. అంతే.
ఒక్క ఆవిరి దెబ్బ.
పోయిన నెల లీత్ దిక్కు వేడి ఊటకాడ
గుడ్లు ఉడకేసుకొని తిన్నం,
కింద పొయ్యి ఎవ్వలు ముట్టిచ్చిండ్రని
అప్పుడు అడగలేదు.

అంటే ఇది
నీళ్లు పడ్డ బోరు.

దిగినం. గంటసేపు. మోకాళ్లు వణికినయి.
పక్క గోడకు నాలుగు ఖర్జూరపు చెట్లు,
ఎట్ల బతుకుతున్నయో.
అడుగంతా తెలుపు,
ఇంటి గోడ ఒకటి సున్నంతోని సహా
వెల్లకిల పండుకున్నట్టు.
నా కండ్లకైతే మల్లా ఆ దుమ్మే.
ఇంత దూరమొచ్చినా ఎంటవడ్డదా, అనుకున్న.

నింబయ్య ఫోటోలు దిగుకుంట వెనుకబడ్డడు.
నడిమిట్లకు నేనొక్కన్నే పోయిన.
చెప్పు కింద పెంకు పట్టుమన్నది.
మడమ దాకా దిగవడ్డ.

బురద.

జిగటగ, చల్లగ.
వంగి పిడికెడు తీసి పిసికి చూసిన,
ముక్కుకాడ పెట్టుకున్న.
ఈ వాసన కోసం ఎన్ని రాత్రులు నిలబడ్డనో
రిగ్గు లైటు కింద, తువ్వాల మూతికి కట్టుకొని.
ఉప్పుది, ఎరుకే.
తాగేది కాదు, మడికి పెట్టేది కాదు.

యాకూబు ఒడ్డుకెల్లి చేతులూపుతున్నడు,
మునుగుతవ్, మర్లిరా అని.

వస్తున్న, అన్న.
ఇంకొక్క పిడికెడు తీసిన.