ఏడో వాకిలి

గట్టుప్పల్ల రాత్రి ఎనిమిదింటికి
మగ్గాల సప్పుడు ఆగుతది.
సీరియల్ మొదలైతది,
మా అరుగు మీద పంచాయితీ గూడ.

చిటికి కట్టుకుంటనే అండాలు అంటది:
"తలుపు తియ్యనీకి మూడు దినాలాయె,
అవతల ఏం కొండ ఉన్నదో!"
మందాకిని వేషానికి కొత్తామెను తెచ్చిండ్రని
యశోదకు కోపం. "ఈమెకు ఏడ్వనే రాదు."
సచ్చిన మొగడు తిరిగొచ్చుడేందని
కళమ్మ రిమోట్ గుంజుకుంటది,
చానల్ మాత్రం మార్చదు.

పదకొండు వందల రోజులు కూసోని చూసినోళ్లే,
బయటోళ్లు గాదు.

ఓర్సుకొని ఓర్సుకొని అన్న:
పోగు తెగితే
ఏళ్లకింత బూడిదద్ది అతుకుతం గదనే,
సగం నేసిన చీరను పారేస్తమా?
ఏడ్వరాదంటరు ఆమెకు.
మా ఆయన పోయిన్నాడు
నాకు గూడ రాలే. మీరే చూసిండ్రు.
సచ్చినోడు తిరిగొస్తే మీదేం పోయింది,
ఒక్క కతలనన్న
రానియ్యరాదుండ్రి.

సబ్బు ప్రకటన వచ్చింది.
ఎవ్వరు నోరు తెరవలే.
అండాలు రబ్బరు పట్టీలు ఒళ్లకేసుకొని
నా దిక్కు జరిగింది.

మందాకిని తలుపు దాకా వచ్చి
గొళ్లెం మీద చెయ్యేసింది.

ఇగ రేపే.