ఎసట్ల పడని గింజ

ప్రాణహిత ఒడ్డున తునికాకు కల్లంల
ఏడో వరుస, పద్దెనిమిదో కట్ట మీద పడ్డది.
లెక్క రాసేటోణ్ని, నాకు వరుసలే యాదుంటయి.
తెల్లారంగ సిరొంచ దిక్కు ఆకాశం పగిలిన సప్పుడైతే
ఆవలి ఒడ్డున ఎవరో బండ పేలుస్తున్నరనుకున్నం.

పిడికెడంత. మాడిన రొట్టె లెక్క పైన నల్లటి పెచ్చు.
ముట్టుకుంటే సల్లగున్నది.
అప్పటికే మబ్బు కమ్ముతాంది.
ఆకు తడిస్తే కాంట్రాక్టరు పైస ఇయ్యడు.
అందరం తాటిపత్రి కోసం ఉరికితే
మాసె తలండి మాత్రం
అంబలి తాగిన సత్తుగిన్నె దాని మీద బోర్లించింది.
"ఇది గూడ ఆకేనా?" అంటే
"ఎవరిదో. అడగొస్తే ఇయ్యాలె గద" అన్నది.

తలాఠీ వచ్చి మరాఠీల పంచనామా రాసిండు.
యజమాని: తెలవదు. ఊరు: తెలవదు.
వయసు గడి కాడ కలం ఆగింది.

మూడో దినం నాగపూర్ నుంచి బన్సోడ్ మేడం.
గిన్నె ఎత్తి శానాసేపు మాట్లాడలే.
వాన తాకితే లోపలి ఉప్పులు కరిగి
సగం కథ కొట్టుకపోయేదట.
విరిగిన అంచుల ఆవగింజలసొంటి గుండ్లు చూపెట్టింది:
సూర్యుని చుట్టు ఉత్త దుమ్మే తిరిగేనాడు
కరిగి, చుక్కలై, గడ్డకట్టినవి.
వాటి నడుమ బియ్యపు నూకంత తెల్ల మచ్చ,
అన్నిటికన్న ముందు గట్టివడ్డది.
నాలుగు వందల యాభై ఆరు కోట్ల ఏండ్లు.
కట్టకు యాభై ఆకుల లెక్కన ఎన్ని కల్లాలైతయో
చేద్దామని మొదలువెట్టి, ఇడిసిపెట్టిన.

ఆ మచ్చల ఒకనాడు ఒక తీరు సత్తు ఉండెనట,
మాసె గిన్నె సత్తుకు చుట్టమే,
కాని తనకు తానే రగిలి ఆరిపోయేది.
ఇప్పుడు బూడిద మిగిలింది.
ఆ బూడిదను తూకమేసి
పొయ్యి ఎప్పుడంటుకున్నదో చెప్తరట.

అన్నం ఉడికిందా అంటే ఒక్క మెతుకు చాలంటరు.
మనం నిలవడ్డ భూమి ఎన్నడో ఉడికిపోయింది,
ఇనుము అడుగంటింది, గంజి పైకి తేలింది,
ఏ గింజ ఎట్లుండెనో దానికే తెలవదు.
ఇదేమో ఎసట్ల పడకముందే
చేటలకెల్లి ఎగిరిన గింజ.
పచ్చిది. అందుకే మరువలే.

పోయేటప్పుడు గిన్నె గూడ కావాలన్నది మేడం,
దాని సత్తు రాయికి అంటిందేమో చూడాలట.
రసీదు రాసిచ్చింది. మాసె వేలిముద్ర వేసింది.
ఆ కట్టకు పైసలు పట్టుకున్నరు,
కారణం కాడ నేను "రాయి" అని రాసిన.

పదకొండు నెలలాయె.
రాయి ముచ్చట ఏదో పుస్తకంల పడ్డదట.
గిన్నె ఇంక రాలే.
మాసె ఆకు దొప్పల తాగుతాంది అంబలి.