నా సైకిలుకు నేనే బేరం

ముందుగాల ఫోను బోర్ల వెట్టు, యాకమ్మా.
కడుపు మండినప్పుడు వేలు ఏదేదో నొక్కుతది.
నేను గట్లనే నాలుగు తిట్లు టైపు కొట్టిన.
మా లహరి గుంజుకోకపోతే
ఆడు ఫొటో పీకేసి
సైకిలును పరకాల దాటిచ్చేటోడు.

ఫొటోను పెద్దగ చేసి చూడు.
కండ్లను కాదు, చేతులను అడుగు.
నాదానికి నీలం రంగు కొట్టిండు,
గంట పీకిండు, బుట్ట పీకిండు.
అయితేంది?
క్యారేజి ఎడమ కాలు కాడ వెల్డింగు బుడిపె,
పోచమ్మమైదాన్ల సలీం పెట్టింది,
ఇరవై రూపాయలు ఇంకా బాకీనే ఉన్న.
ఆ బుడిపెను ఏ రంగు దాస్తది?
సీటు కింద స్ప్రింగుకు
ఎర్ర నూలు పోగు, మూడు ముడులు,
జంపఖాన అంచుకు పోంగ మిగిలింది.
దొంగకు ముడులిప్పే ఓపిక ఎక్కడిది.

నాదే అని నిలకడైనంక
ఠాణకు పో. పొమ్మనే చెప్తున్న.
రైటరు బిల్లున్నదా అన్నడు.
పదకొండేండ్ల కింది సైకిలుకు బిల్లు!
నా పెండ్లికే బిల్లు లేదు సారూ అన్న.
నవ్విండు, కాయిదం మీద మాత్రం రాసుకున్నడు.
ఫ్రేము కింద నంబరుంటది, ఎరుకేనా అన్నడు.
బిడ్డ పుట్టిన తారీకు ఎరుకే,
బియ్యం కార్డు నంబరు ఎరుకే,
రోజు నన్ను మోసేదాని నంబరు
ఎన్నడన్న వంగి చూసిన్నా?
మీ పోరని సైకిలుదన్న
ఇయ్యాల్నే చూసి గోడ మీద రాసుకో.

ఒంటిగ పోకు. నేను పోయిన,
అందుకే చెప్తున్న.
ఎనుమాముల మార్కెట్ గేటు కాడికి రమ్మన్నడు,
పద్దెనిమిది వందలు, పైస తగ్గది.
మిర్చి ఘాటుకు అందరి కండ్లల్ల నీళ్లే,
నా నీళ్లు ఎవలు గుర్తువడ్తరు.
ఇరవై ఏండ్లు గూడ ఉండయి పోరనికి.
దిగి స్టాండు తన్నిండు,
ఎడమ మడిమె తోని, రెండుసార్లు.
ఒక్కసారికి పడది అది.
మూడు నెలలల్ల దాని గుణం నేర్చుకున్నడన్నట్టు.
అప్పుడొచ్చింది నాకు కోపం.
పోయిననాడు గూడ అంత రాలే.

నవ్వకు, బేరమాడిన.
చైను సాగింది, బ్రేకు వడ్తలేదు,
ముసలిది, దీనికెవడిస్తడు గన్ని పైసలు...
అంటాంటే నోరు చేదైంది.
సొసైటీల మేస్త్రి
నా జంపఖానను మలిపి మలిపి చూస్తడు సూడు,
పోగు తెగింది, అంచు వంకరున్నదని,
అచ్చం ఆని గొంతే నా నోట్లకెల్లి వచ్చింది.

ఒక రౌండు కొట్టి చూస్త అన్న.
ఫోను ఇచ్చి పో అన్నడు.
చెప్పులు ఇడిచిపోత అన్న.
అవి పోయిన వారమే కొన్నయి, చూసి సరే అన్నడు.

వట్టి కాళ్లతోని తొక్కిన.
తొక్కినంక ఎవలాగుతరు?
ఎనుకకెల్లి దొంగ, దొంగ అని
మార్కెట్టు మార్కెట్టే మొత్తుకున్నట్టు,
హమాలీలు బస్తాలు దించి
నన్నే చూస్తున్నట్టు.
ఎవలు అనలే, ఎవలు చూడలే.
నా సైకిలే, యాకమ్మా, నా సొంతది,
అయినా పిక్కలు గడగడ వణికినయి.

కాశిబుగ్గ కాడ చైను పడ్డది,
ఎప్పుడు పడే పండ్ల చక్రం మీదనే.
చేతులకు నల్ల నూనె. ఫోను మోగింది.
అక్కా, నేను గూడ కొన్ననే,
పాతసామాన్లోని కాడ, పన్నెండు వందలకు.
నిజమో, అబద్ధమో.
నేను సప్పుడు చేయలే.
జెర సేపాగి
చెప్పులు ఏం చెయ్యమంటవు అన్నడు.

ఆ తర్వాత ఏం చెయ్యాల్నో
నాకెరుక లేదు, నిన్ను మోసం చెయ్య.
పన్నెండు వందలు ఇయ్యాల్నా,
ఠాణల ఆ నంబరు చెప్పాల్నా,
నెలాయె, తేల్చుకుంటలేను.
నంబరు మాత్రం తుడపలే,
చెప్పుల పోరడు అని రాసి పెట్టుకున్న.

ఇగ నీ ఫోను తీయి.
నీ సైకిలు ఫొటో కింద ఉన్న నంబరు
చదువు జెర,
మెల్లగ, ఒక్కొక్కటి.